రెండు హాజరు పట్టీలు: ప్రభుత్వోద్యోగంలో ఉంటూ టెరిటోరియల్ ఆర్మీలో పనిచేయడం ఎలా

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ టెరిటోరియల్ ఆర్మీ (టీఏ)లో చేరాలనుకునే యువ ఉద్యోగులు ఏటా నలుగురైదుగురు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. రాతపరీక్షకు ఏ పుస్తకాలు చదవాలి, ఎంత వేగంగా పరుగెత్తాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అన్నవే వారి ప్రశ్నలు. చేరిన తర్వాత ఏటా రెండు నెలలు కుర్చీ ఖాళీగా ఉంటే ఆ రెండు నెలలు తమ సర్వీసు రిజిస్టరులో ఏ పేరుతో నమోదవుతాయని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. పదకొండేళ్లుగా టీఏలో కమిషన్డ్ అధికారిగా, అంతకుముందు నుంచీ ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఉద్యోగిగా ఉన్న నా అనుభవంలో, ఈ రెండు కొలువులూ ఒకదానితో ఒకటి తగవు పడేది మైదానంలో కాదు, కాగితం మీద. అందుకే ఈ వ్యాసంలో కాగితం గురించి ఎక్కువ, కసరత్తు గురించి తక్కువ రాస్తున్నాను.

ముందుగా ఈ సైన్యం ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలి. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం కింద ఏర్పడిన ఈ దళాన్ని 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి ప్రారంభించారు. ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు, శాశ్వత ఉపాధికి హామీ ఇవ్వదు. పైగా, వేరే జీవనోపాధి ఉండటమే ఇందులో అధికారిగా చేరడానికి ఒక అర్హత. సాధారణ సైన్యాన్ని స్థిర విధుల నుంచి తప్పించడం, ప్రకృతి విపత్తుల్లో పౌర యంత్రాంగానికి తోడుగా నిలవడం, అత్యవసర సేవలు ఆగిపోకుండా చూడడం, అవసరమైనప్పుడు సైన్యానికి అదనపు బలగాన్ని అందించడం దీని పని. కపిల్ దేవ్, ధోనీ వంటి క్రీడాకారుల వల్ల మన ప్రాంతంలో టీఏ పేరు తెలిసినవారు చాలామంది ఇదొక గౌరవ హోదా అనుకుంటారు. వారికి ఇచ్చినవి గౌరవ హోదాలే. పరీక్ష రాసి, ఎంపికై, క్యాంపులకు హాజరయ్యే మనలాంటి వారిది మాత్రం పూర్తి బాధ్యతలున్న కమిషన్, అంటే సైనికాధికారి నియామకం. విధుల్లో ఉన్నంతకాలం 1950 నాటి సైన్య చట్టం మనకూ వర్తిస్తుంది.

అర్హతల విషయానికి వస్తే, అధికారిగా దరఖాస్తు చేయడానికి వయసు 18 నుంచి 42 ఏళ్ల మధ్య ఉండాలి, డిగ్రీ పూర్తి చేసి ఉండాలి, సొంత సంపాదన ఉండాలి. త్రివిధ దళాల్లో, పోలీసు శాఖలో, పారామిలటరీ బలగాల్లో పనిచేస్తున్నవారికి అవకాశం లేదు కనుక, మన జిల్లాల్లోని కానిస్టేబుళ్లు, ఎస్సైలు ఈ ఆశ పెట్టుకోకపోవడం మంచిది. మహిళలు కూడా అర్హులేనని ఢిల్లీ హైకోర్టు 2018లో తీర్పు చెప్పింది. రాతపరీక్షలో తార్కిక జ్ఞానం, ప్రాథమిక గణితం ఒక పేపరు; సాధారణ జ్ఞానం, ఇంగ్లీషు మరొక పేపరు. ఆ తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ముందు హాజరు, వైద్యపరీక్ష ఉంటాయి. 2025 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి చూపిన ఖాళీలు 19 మాత్రమే. కాబట్టి ఎంపిక కాకపోతే మనసు పాడుచేసుకోవాల్సిన పని లేదు, ఎంపిక అవుతామన్న ధీమాతో ఆఫీసులో ముందుగానే చెప్పుకోవాల్సిన పనీ లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. ప్రొబేషన్ పూర్తికాకముందే దీని జోలికి వెళ్లకండి. మన రాష్ట్ర సర్వీసు నిబంధనల ప్రకారం నేరుగా నియమితులైన ఉద్యోగి వరుసగా మూడేళ్ల కాలంలో రెండేళ్లు విధుల్లో ఉండి ప్రొబేషన్ పూర్తి చేయాలి. టీఏలో మొదటి ఏడాది ఒక నెల ప్రాథమిక శిక్షణ, ఏటా రెండు నెలల వార్షిక శిబిరం, మొదటి రెండేళ్లలోపు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో మూడు నెలల శిక్షణ ఉంటాయి. లెక్క కట్టి చూస్తే మొదటి రెండేళ్లలోనే ఎనిమిది నెలలు ఆఫీసుకు దూరమవుతారు. ఆ ఎనిమిది నెలలు విధులా, సెలవా అన్న చర్చ మీ ప్రొబేషన్ డిక్లరేషన్ ఫైలు మీద మొదలైతే, దాన్ని తేల్చే ఓపిక ఏ సెక్షన్‌లోనూ ఉండదు.

అనుమతి పత్రంలో ఏమేమి ఉండాలి

1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కింద, ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వోద్యోగి మరో కొలువు చేపట్టకూడదు. టీఏ దరఖాస్తుకు కూడా శాఖాధిపతి ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. మనవాళ్లు సాధారణంగా తెచ్చుకునే ఎన్‌వోసీలో ‘పరీక్షకు దరఖాస్తు చేయుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. అది పరీక్ష హాలు దాకానే పనికొస్తుంది. ఎంపికైన తర్వాత చేరడానికి మళ్లీ ఒక ఫైలు, చేరిన తర్వాత ప్రతి క్యాంపుకూ మళ్లీ ఒక ఫైలు నడపాల్సి వస్తుంది. ఈలోగా పాత అధికారి బదిలీ అయి, కొత్తగా వచ్చినవారు ‘ఈ అనుమతి నేనిచ్చింది కాదు కదా’ అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

అందుచేత మీ విన్నపంలోనే మూడు విషయాలను విడివిడిగా కోరండి. నేను నా పైవారికి సమర్పించిన విన్నపంలో ఇలా రాశాను: ‘టెరిటోరియల్ ఆర్మీ అధికారి పదవికి దరఖాస్తు చేయుటకును, ఎంపికైన పక్షమున ఆ పదవిలో చేరుటకును, చట్టప్రకారము నిర్వహించు శిక్షణలకు, సైనిక విధులకు పిలుపు వచ్చినపుడు హాజరగుటకును అనుమతి మంజూరు చేయవలసినదిగా కోరుచున్నాను.’ దీనికి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోని 7వ సెక్షన్, 7ఏ, 7బీ సెక్షన్ల ప్రతిని జతచేశాను. 7వ సెక్షన్ మనకు సైనిక సేవ చేసే బాధ్యతను చెబుతుంది. ఆ సేవకు అవసరమైన సెలవు ఇవ్వడం, సేవ ముగిశాక అంతకుముందుకంటే తక్కువ కాని షరతులతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవడం యజమాని బాధ్యత అని 7ఏ చెబుతుంది. భవిష్య నిధి, పదవీ విరమణ నిధి వంటి వాటిలో హక్కుల రక్షణ 7బీలో ఉంది. పైఅధికారి మీద చట్టం విసిరినట్టు కాకుండా, ఆయన సంతకానికి ఆధారం చూపించినట్టుగా ఈ ప్రతిని పెట్టాలి. నోట్‌ఫైలు రాసే గుమాస్తాకు ఆధారం కనిపిస్తే చెయ్యి సాగుతుంది. ఆధారం లేకపోతే ‘పై కార్యాలయపు స్పష్టీకరణ కోరవచ్చును’ అని రాసి పక్కన పెడతారు, ఆ స్పష్టీకరణ వచ్చేసరికి క్యాంపు అయిపోతుంది.

తేదీలు

తిరుపతిలో ప్రభుత్వోద్యోగి క్యాలెండరు మిగతా జిల్లాల క్యాలెండరు లాంటిది కాదు. శ్రీవారి బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి రెవెన్యూ, పంచాయతీరాజ్, మునిసిపల్, వైద్య శాఖల నుంచి సిబ్బందిని ప్రత్యేక విధులకు వేస్తారు. మే నెలలో గంగమ్మ జాతర. మార్చి ఆఖరులో ఆర్థిక సంవత్సరం ముగింపు బిల్లులు ట్రెజరీకి చేరాలి. వీటికి తోడు ఈసారి జనగణన ఉంది, 2027 మార్చి 1ని దానికి ప్రామాణిక తేదీగా ప్రకటించారు. లెక్కింపు విధుల్లో మన పేరు ఉంటే ఆ కాలంలో క్యాంపుకు వెళ్లడం ఇరుపక్షాలకూ ఇబ్బందే.

యూనిట్‌లో శిక్షణ కార్యక్రమం ముందుగానే తయారవుతుంది. వార్షిక శిబిరం తేదీలు తెలిసిన రోజే, ఉత్తర్వు చేతికి రావడానికి ఎదురుచూడకుండా, ఆఫీసుకు ఒక ముందస్తు సమాచార లేఖ ఇవ్వండి. అదేవిధంగా మీ ఆఫీసులో తప్పించుకోలేని నెలలు ఏవో యూనిట్ అడ్జుటెంట్‌కు, అంటే అక్కడి పరిపాలన చూసే అధికారికి, ఏడాది మొదట్లోనే లేఖ ద్వారా తెలియజేయండి. క్యాంపు తేదీలను మనకోసం మార్చరు. కానీ ఒకటికంటే ఎక్కువ విడతలు ఉన్నప్పుడు ఏ విడతలో వేయాలన్న నిర్ణయానికి ఆ లేఖ ఉపయోగపడుతుంది. ఆఖరి వారంలో ఫోను చేసి బతిమాలే అధికారికి రెండుచోట్లా విలువ ఉండదు.

ప్రయాణపు రోజులను కూడా లెక్కలో వేయాలి. సికింద్రాబాదుకైతే తిరుపతి నుంచి పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగుతాం. దక్షిణాదికి వెళ్లేవారికి, ముఖ్యంగా చిత్తూరువారికి, కాట్పాడి జంక్షన్ దగ్గరవుతుంది. డెహ్రాడూన్ వెళ్లాలంటే తిరుపతి, చిత్తూరుల మీదుగానే పోయే కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి అక్కడ బండి మారాలి. రిపోర్టు చేయాల్సిన తేదీ ఒకటైతే రిలీవ్ కావాల్సిన తేదీ దానికి రెండు మూడు రోజుల ముందు అవుతుంది. మధ్యలోని ఆ రోజులకు ఏ సెలవు వాడుకుంటున్నారో కూడా రిలీవింగ్ ఉత్తర్వులో రాయించుకోవాలి.

సెలవు, జీతం, సర్వీసు రిజిస్టరు

నా మూడో క్యాంపు మంజూరు ఉత్తర్వులో ‘రెండు నెలల సెలవు మంజూరు చేయడమైనది’ అని మాత్రమే ఉంది. ఏ సెలవో లేదు, దేనికోసమో లేదు. ఆ కాలానికి సివిల్ జీతం బిల్లు పెట్టలేదు కనుక, రిజిస్టరు రాసినవారు దాన్ని జీతం లేని అసాధారణ సెలవుగా నమోదు చేశారు. వైద్య కారణం లేని అసాధారణ సెలవును, ప్రత్యేక ఉత్తర్వు లేకపోతే, ఫండమెంటల్ రూల్ 26 ప్రకారం ఇంక్రిమెంటుకు లెక్కించరు. నా ఇంక్రిమెంటు రెండు నెలలు వెనక్కి జరిగింది. నెలకు తేడా కొన్ని వందల రూపాయలే కావడంతో నేను గమనించలేదు. ఇతరుల రిజిస్టర్లన్నీ నా చేతిమీదుగా రాస్తున్నవాడిని, నాది తెరిచి చూసుకోలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, ఉద్యోగుల రిజిస్టర్లు ఒక చోటి నుంచి మరో చోటికి మారినప్పుడు, కొత్త ఆఫీసులో సర్వీసు సరిచూస్తున్న సహోద్యోగి ఆ పేజీ మీద వేలు పెట్టి ‘ఇదేంది అన్నా, ఊరికే ఇంట్లో ఉన్నట్టు రాసినారే!’ అన్నాడు. సైనిక దుస్తుల్లో, ఎండలో, ఫైరింగ్ రేంజి మీద గడిపిన అరవై రోజులు ఆ పేజీలో ఒక పొట్టి పదంగా ఉన్నాయి. దాన్ని సరిచేయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. యూనిట్ నుంచి హాజరు ధ్రువపత్రం మళ్లీ తెప్పించాల్సి వచ్చింది. అప్పటికి యూనిట్ వేరే ప్రాంతానికి తరలిపోయింది, సంతకం చేసిన అడ్జుటెంటూ మారిపోయాడు.

అందుచేత మంజూరు ఉత్తర్వు ముసాయిదా దశలో ఉండగానే మీరు చదవాలి. అందులో ఏ చట్టం కింద వెళుతున్నారు, ఏ తేదీ పూర్వాహ్నం నుంచి ఏ తేదీ అపరాహ్నం వరకు, ఆ కాలాన్ని విధులుగా పరిగణిస్తున్నారా లేక ఏదైనా సెలవుగానా, ఇంక్రిమెంటుకు, పెన్షనుకు లెక్కలోకి వస్తుందా, సివిల్ జీతానికి సైనిక జీతానికి తేడా ఉంటే ఏం చేస్తారు అన్న విషయాలు స్పష్టంగా ఉండాలి. మీ శాఖ ఏ నిర్ణయం తీసుకున్నా సరే, అది అక్షరాల్లో ఉండాలి. మౌనంగా ఉన్న ఉత్తర్వును తర్వాతి గుమాస్తా తనకు తోచినట్టు పూరిస్తాడు, అతని తప్పు కూడా కాదు. తిరిగి వచ్చాక రిజిస్టరులో పడాల్సిన నమోదు ఈ తీరులో ఉంటే చాలు: ‘ఫలానా తేదీ పూర్వాహ్నం నుండి ఫలానా తేదీ అపరాహ్నం వరకు టెరిటోరియల్ ఆర్మీ చట్టం, 1948 కింద వార్షిక శిక్షణ శిబిరమునకు హాజరైనారు, ఫలానా ప్రొసీడింగ్స్ ప్రకారం ఆ కాలము ఈ విధముగా పరిగణించబడినది, యూనిట్ హాజరు ధ్రువపత్రము జతచేయబడినది.’

ఎంబాడీ అయిన కాలానికి, అంటే శిక్షణకో విధులకో సైన్యం మనల్ని తీసుకున్న కాలానికి, హోదాకు తగ్గ సైనిక జీతభత్యాలు వస్తాయి. అదే కాలానికి ఆఫీసులో పూర్తి జీతం కూడా డ్రా అయితే అది రికవరీ అవుతుంది, క్రమశిక్షణ చర్య దాకా కూడా పోతుంది. వెళ్లే ముందు జీతాల బిల్లులు పెట్టే అధికారికి (డీడీవోకు) లిఖితపూర్వకంగా తేదీలిచ్చి జీతం బిల్లులో మార్పు చేయించడం మన బాధ్యతే. ముఖ ఆధారిత హాజరు యాప్‌లో కూడా ఆ కాలాన్ని సరైన కారణంతో నమోదు చేయించాలి, లేకపోతే గైర్హాజరుగా పడి, బిల్లు దగ్గర సమస్య అవుతుంది. యూనిట్‌లో చివరి జీత ధ్రువపత్రం, అంటే ఎల్పీసీ అడిగితే ఇవ్వడానికి ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. సైనిక జీతం మొదటిసారి ఖాతాలో పడటానికి కాగితాలు నడిచే కాలం పడుతుంది కనుక, రెండు నెలల ఇంటి ఖర్చు, ఇంటి రుణం వాయిదాలు ఖాతాలో వేసి వెళ్లడం నాకు అలవాటు.

సివిల్ జీతం బిల్లు ఆగితే దాంతోపాటు ఆగిపోయే కోతలను చాలామంది మరచిపోతారు. రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా (ఏపీజీఎల్ఐ) ప్రీమియం, గ్రూపు ఇన్సూరెన్సు, ఉద్యోగుల ఆరోగ్య పథకం చందా, సొసైటీ అప్పు వాయిదా అన్నీ జీతంలోంచే పోతుంటాయి. ఆ నెలలవి చలానా ద్వారా కట్టాలో, తర్వాత జీతంలో పట్టుకుంటారో ముందే అడిగి కాగితం మీద తెచ్చుకోండి. బకాయిలు పేరుకుంటే క్లెయిము వేళ కుటుంబం ఇబ్బంది పడుతుంది. 2004 సెప్టెంబరు 1న గాని ఆ తర్వాత గాని చేరి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్)లో ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. మూలవేతనం, కరువు భత్యం మీద పది శాతం మన వాటా, దానికి తోడయ్యే ప్రభుత్వ వాటా రెండూ జీతం బిల్లును ఆసరా చేసుకునే జమవుతాయి. బిల్లు లేని నెలల్లో ఆ రెండూ ఆగిపోతే పదిహేను క్యాంపుల కాలంలో ముప్పై నెలల జమ తగ్గుతుంది. 7బీ సెక్షన్‌ను ఉటంకిస్తూ దీనిపై మొదటి ఏడాదే విన్నపం పెట్టి, వచ్చిన జవాబును దాచుకోండి.

ఆదాయపు పన్ను విషయంలో ఒక చిక్కు ఉంది. రెండు చోట్ల జీతం తీసుకున్న ఏడాదిలో, ఇద్దరు యజమానులూ ఎవరికి వారు కొత్త పన్ను విధానంలోని 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్, పన్ను లేని స్లాబు లెక్కలోకి తీసుకుని తక్కువ పన్ను పట్టుకుంటారు. రిటర్ను వేసేటప్పుడు రెండూ కలిపితే పన్ను, దానిమీద వడ్డీ ఒక్కసారిగా మీద పడతాయి. క్యాంపు నుంచి వచ్చిన వెంటనే సైనిక జీతం వివరాలను డీడీవోకు ఇచ్చి మిగతా నెలల్లో పన్ను సర్దుబాటు చేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

సీటు అప్పగించడం

మన బదులు పనిచేసే సహోద్యోగికి అదనంగా ఒక రూపాయి రాదు, అయినా రెండు నెలలు రెండు సీట్ల బరువు మోస్తారు. ఈ ఏర్పాటు అంతా ఆ ఒక్క మనిషి మంచితనం మీద నిలబడి ఉందని మనం మరచిపోకూడదు. ‘నువ్వు పోయిరా అన్నా, నేను చూసుకుంటా’ అని నోటితో అనేవారు ఉండటం అదృష్టమే. కానీ నోటిమాట మీద వదిలి వెళ్లడం ఆయనకు అన్యాయం చేయడమే. ఇన్‌చార్జి ఉత్తర్వు ఆయన పేరు మీద ఇప్పించి, ఇరువురం సంతకం చేసిన చార్జి జాబితా ఇవ్వాలి.

ఆ జాబితాలో ఫైళ్ల సంఖ్యకంటే గడువులు ముఖ్యం. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి, మనం క్యాంపులో ఉన్నామన్నది గడువు తప్పడానికి సాకు కాదు. హైకోర్టులో కౌంటరు వేయాల్సిన కేసులు, వాటి తేదీలు, ప్రభుత్వ ప్లీడరు కార్యాలయంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు ఒక కాగితం మీద ఉండాలి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వచ్చిన అర్జీల్లో మన సీటుకు సంబంధించినవి ఏ దశలో ఉన్నాయో రాయాలి. డబ్బుకు సంబంధించిన రిజిస్టర్లను చివరి లైను కింద గీత గీసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేయాలి.

డిజిటల్ సంతకపు డాంగిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేలెడంత ఉండే ఆ పరికరాన్ని పిన్ నంబరు రాసిన చీటీతో సహా సహోద్యోగి సొరుగులో పెట్టి క్యాంపుకు వెళ్లినవారిని నేను చూశాను. మీరు ఎక్కడో రైఫిల్ శుభ్రం చేసుకుంటున్న రోజున మీ సంతకంతో ఒక బిల్లు పాసైతే, రెండు ప్రభుత్వాల దస్త్రాల్లో మీరు ఒకే రోజు రెండు చోట్ల ఉన్నట్టవుతుంది. ఇన్‌చార్జి అధికారికి తన పేరుమీద అధికారం బదిలీ చేయించండి, మీ డాంగిల్‌ను మీ ఇంటి బీరువాలో పెట్టి తాళం వేయండి.

తిరిగి వచ్చిన తర్వాత ఆ సహోద్యోగి సెలవు పెట్టుకోవాలనుకున్నప్పుడు, పండుగ విధులు పడినప్పుడు ముందుగా చెయ్యి ఎత్తాల్సింది మీరే. మా ఆఫీసులో వైకుంఠ ఏకాదశి ప్రత్యేక విధులకు ఏటా నేనే ముందు పేరు ఇస్తాను.

ఒళ్లు, ఇల్లు

కుర్చీలో పదినెలలు కూర్చుని రెండు నెలలు సైనికుడిగా ఉండటం ఒంటికి తెలియకుండా జరగదు. 2.4 కిలోమీటర్ల పరుగు, 5 కిలోమీటర్ల పరుగు పరీక్షలు ఏడాది పొడవునా అలవాటు ఉంటేనే దాటగలం. నలభై దాటినవారికి రక్తపోటు, చక్కెర చూపించే వైద్య నివేదికే అసలు గండం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు మనకు దేవుడిచ్చిన శిక్షణ మైదానాలు. అయితే అవి భక్తుల దారులు, చిరుతల సంచారం వల్ల వేళల నియమాలూ ఉంటాయి, కాబట్టి పరుగు కోసం యూనివర్సిటీ మైదానానికి వెళ్లి, మెట్లెక్కడం నెమ్మదిగా, నియమిత వేళల్లోనే పెట్టుకోవాలి. దిగేటప్పుడు మోకాళ్లు పాడుచేసుకోవద్దు, నేను బస్సులో దిగుతాను.

ఇంట్లోవారికి చెప్పే విషయంలో నాది ఒకటే మాట. వెళ్లే ముందు బ్యాంకు ఖాతాలు, బీమా పత్రాలు, నామినీల వివరాలు, యూనిట్ సంప్రదింపు నంబరు భార్యకో భర్తకో ఎదురుగా కూర్చుని చూపించాలి. మా అమ్మ మొదటి రెండేళ్లు గంగమ్మ జాతరకు నేను లేనని బాధపడింది. మూడో ఏడాది నుంచి క్యాంపు తేదీలను ఆమెకే ముందు చెప్పడం మొదలుపెట్టాను, ఆ తర్వాత మొక్కు తీర్చే రోజును ఆమే సర్దుకుంటోంది. మూవ్‌మెంట్ ఆర్డరు, యూనిట్ ఉన్న చోటు, తోటివారి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదన్న సంగతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పాలి. ఆఫీసుకు ఇచ్చే ప్రతుల్లోనూ తేదీలు, సంతకం కనిపించేంత వరకే ఇచ్చి, మిగతా వివరాలకు యూనిట్ నుంచి విడిగా ధ్రువపత్రం తెచ్చుకోవడం మేలు.

శిక్షణ కాక, పిలుపు వస్తే

రెండు నెలల క్యాంపుకు అలవాటు పడిన ఆఫీసు, దీర్ఘకాలపు పిలుపు వస్తే తడబడుతుంది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం 1948 నాటి టీఏ నిబంధనల్లోని 33వ నియమం కింద, అవసరాన్ని బట్టి టీఏ అధికారులను, సిబ్బందిని పిలిపించే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చింది. 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను వివిధ కమాండ్ల పరిధిలో నియోగించడానికి అనుమతించింది. 2028 ఫిబ్రవరి 9 వరకు ఆ ఉత్తర్వు అమల్లో ఉంటుందని ప్రకటించారు. ఆ వార్త వచ్చిన రోజున మా ఆఫీసులో నన్ను చుట్టుముట్టి అడిగిన మొదటి ప్రశ్న ‘ఎప్పుడు పోతావు?’ అని కాదు, ‘నీ సీటు ఎవరికి?’ అని. అది న్యాయమైన ప్రశ్న.

అలాంటి పిలుపు నెలల మీదా, ఏళ్ల మీదా సాగవచ్చు. అప్పుడు ఇన్‌చార్జి ఏర్పాటు సరిపోదు, ఆ పోస్టులో మరొకరిని వేయమని మీరే కోరండి. కుర్చీ మీద మమకారంతో ఖాళీగా ఉంచమని అడిగితే అర్జీదారులు నష్టపోతారు. పోస్టు వేరొకరికి ఇచ్చినా, తిరిగి ఉద్యోగంలోకి తీసుకునే బాధ్యత 7ఏ కింద ఉండనే ఉంటుంది. ఆ కాలంలో ప్రమోషన్ ప్యానెల్ తయారైతే మీ పేరు పరిశీలనలో ఉండేలా, డిపార్టుమెంటల్ పరీక్షలు తప్పితే తర్వాతి విడతకు అవకాశం ఉండేలా ముందుగానే ఒక విన్నపం ఫైలులో పెట్టి వెళ్లాలి. పిలుపు వచ్చాక వీటికి తీరిక ఉండదు కనుక, నేను ఈ కాగితాలన్నీ తేదీ ఖాళీ వదిలి టైపు చేయించి ఒక అట్టలో కట్టి ఉంచాను.

టీఏ సేవకు పెన్షను దానంతటదే వస్తుందన్న భ్రమ వద్దు. ఎంబాడీ అయి చేసిన సేవ మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఏటా రెండు నెలల చొప్పున కూడేదానితో పెన్షను అర్హతకు చేరడం అసాధ్యం. మన వృద్ధాప్యానికి ఆధారం సివిల్ సర్వీసే కాబట్టి, దాని రిజిస్టరును ఇంత పట్టుదలగా కాపాడుకోమని చెబుతున్నాను.

తిరిగి వచ్చిన రోజు

క్యాంపు ముగిసే రోజు యూనిట్ నుంచి హాజరు ధ్రువపత్రం, చెల్లించిన జీతపు వివరం, రిలీవింగ్ ఉత్తర్వు, ఈ మూడూ చేతిలో పడందే రైలెక్కకండి. తర్వాత పోస్టులో పంపుతామన్న మాటను నమ్మి వచ్చి నేను ఆరు నెలలు ఎదురుచూశాను. ఆఫీసులో పూర్వాహ్నమే జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, దాని కార్యాలయ ప్రతి మీద తేదీ ముద్ర వేయించుకోండి. సైన్యపు హోదాను, గొంతును ఆఫీసులోకి తీసుకురావద్దు. అటెండరు ఇచ్చిన టీ తాగి, సహోద్యోగి దగ్గర చార్జి జాబితా మీద మళ్లీ సంతకాలు చేసి ఫైళ్లు తీసుకోండి.

ఆ వారంలోనే, వీలైతే ఆ రోజే, సర్వీసు రిజిస్టరు తెప్పించి నమోదు మీ కళ్లముందు రాయించండి. నేను ఇప్పుడు నా చిన్న డైరీలో ప్రతి క్యాంపుకూ ఒక పేజీ కేటాయించి, ప్రొసీడింగ్స్ నంబరు, రిజిస్టరు పేజీ నంబరు, అధికారి సంతకం పడిన తేదీ రాసుకుంటున్నాను. గత క్యాంపు పేజీలో మూడో గడి నాలుగు రోజులు ఖాళీగా ఉండిపోయింది. ఐదో రోజు ఉదయం రిజిస్టరు తీసుకుని అధికారి గది బయట నిలబడి, ఆయన రాగానే సంతకం చేయించుకుని, తేదీ రాసుకున్న తర్వాతే నా సీటుకు వెళ్లాను.